మన వంటిల్లు మనమే గీసుకుందాం – 5వ పాఠం: సామాన్ల అర ఏ గోడకు?

పోయిన పాఠంల పొయ్యి, సింక్, ఫ్రిజ్ మధ్య దూరాలు కొలుచుకున్నం. చివర్ల ఒక్క మాట అడిగిన, మీ ప్లాన్ల సామాన్లు పెట్టుకునే జాగ ఎక్కడొస్తదో పెన్సిల్‌తోటి గుర్తు పెట్టి పంపండి అని. వచ్చిన బొమ్మలన్నీ కూసొని చూసిన. దాదాపు అందరూ తడబడ్డది ఒక్క దగ్గర్నే. ప్లాట్‌ఫాం గీసి, ఫ్రిజ్ గీసి, తలుపులు కిటికీలు పెట్టి, ఇగ ఏ మూల మిగిలితే ఆ మూలకు ప్యాంట్రీ అని రాసిండ్రు. మిర్యాలగూడ అక్క మెట్ల కింద పెట్టింది. జడ్చర్ల తమ్ముడు బాత్రూం గోడకు ఆనిచ్చి పెట్టిండు. దేవరకొండ అన్న తలుపు వెనక పెట్టిండు, ఆ తలుపు తెరిచినంతసేపు అర మూతే. అందుకే ఇయ్యాల చెప్దామనుకున్న సింక్ పాఠం పక్కకు పెట్టి ఇదే పట్టుకుంటున్న. సింక్ తప్పుగ పెడితే నడుము నొస్తది అంతే, సామాన్లు తప్పు గోడకు పెడితే కష్టపడి సంపాదించిన గింజ పాడైతది.

ముందుగాల సామాన్లన్నీ ఒక్కటే అనుకునుడు మానాలె. నాలుగో పాఠంల ఈ సంగతి ఒక్క లైన్ల చెప్పి పోయిన గానీ ఎవరి బొమ్మల కూడా అది కనపడలేదు, కాబట్టి మళ్ల చెప్తున్న. మన ఇండ్లల్ల రెండు రకాల సామాన్లు ఉంటయి. ఒకటి పూటపూటకు చెయ్యి పోయేది, అంటే ఉప్పు, కారం, పసుపు, పోపుగింజలు, చింతపండు, పప్పులు, వారానికి సరిపోయే బియ్యం. రెండోది సాలుకు సరిపడ తెచ్చి పెట్టుకునేది, అంటే బియ్యం బస్తాలు, ఎండకాలం పట్టించిన కారం, కొత్త చింతపండు, కందులు, పల్లీలు, జొన్నలు, నూనె డబ్బాలు, తొక్కు జాడీలు. మొదటిదాన్ని రోజు అర అందాం, రెండోదాన్ని సాలు అర అందాం. రోజు అరకు జాగ చూసేటప్పుడు దూరం చూడాలె. సాలు అరకు వేడి, తేమ, బరువు చూడాలె. ఈ రెండూ ఒకదానికొకటి పడయి, ఎందుకంటే పొయ్యికి దగ్గరున్న జాగ వేడిగ ఉంటది, సల్లగున్న జాగ పొయ్యికి దూరమైతది. ఒకే అల్మారిల రెండూ కుదరాలె అని చూస్తున్నంతసేపు మీకు లెక్క తెగదు.

పోయినసారి పొయ్యి, సింక్, ఫ్రిజ్ మూడూ కలిపి చెప్పిన త్రికోణం గుర్తుందా? 1940లల్ల అమెరికాల ఇలినాయ్ యూనివర్సిటోళ్లు తేల్చిన లెక్క అది, ఒక్కో భుజం 4 నుంచి 9 అడుగులు, మూడూ కలిపితే 13 నుంచి 26 అడుగులు. ఆళ్లకు వండే సామాన్లు ఎక్కువ ఫ్రిజ్‌లనే ఉంటయి కాబట్టి మూడో మూలకు ఫ్రిజ్ పెట్టిండ్రు. మన వంట అట్ల నడవదు. పప్పుచారు పెట్టేటప్పుడు ఫ్రిజ్ ఎన్నిసార్లు తెరుస్తరు, డబ్బాలు ఎన్నిసార్లు తెరుస్తరు చూడండి. కంది డబ్బా, చింతపండు, ఉప్పు, కారం, పసుపు, పోపు డబ్బా, ఎల్లిపాయ గిన్నె... ఫ్రిజ్ దిక్కు పోయేది మహా అయితే టమాటాలకు, కొత్తిమీరకు. అందుకే నేను మన ఇండ్లకు గీసేటప్పుడు ఆ మూడో మూలకు రోజు అరనే పెడత, ఫ్రిజ్‌ను జర అవతలికి జరుపుత, హాల్‌కెళ్లి వచ్చి నీళ్లు తీసుకునే పిల్లలు వండేటోళ్లకు అడ్డం రాకుండ కూడా ఉంటరు. 1926ల జర్మనీల ఫ్రాంక్‌ఫర్ట్ ఇండ్లకు మార్గరేట్ షుట్టే-లిహోట్స్కీ అని ఒక ఆర్కిటెక్ట్ ఇరుకు వంటిల్లు గీసింది, దగ్గర దగ్గర 6 అడుగుల వెడల్పు, 11 అడుగుల పొడుగు. అండ్ల బియ్యం, చక్కెర అసొంటియి చేతికందేటట్టు చిన్న చిన్న అల్యూమినియం సొరుగుల్ల పెట్టించింది, పిండికి మాత్రం పురుగు పట్టకుండ ఓక్ చెక్క సొరుగు పెట్టింది. ఏ సామాను ఎంత దగ్గరుండాలె, దేంట్ల ఉండాలె అని ఆమె ఒక్కోదానికి విడిగ ఆలోచన చేసింది, మనం చెయ్యాల్సింది గూడ గదే.

రోజు అర సంగతి తొందరగ ముగిస్త. పొయ్యి మీది గోడకు పెట్టకండి, ఆవిరి, నూనె జిడ్డు, వేడి మూడూ దానికే తగుల్తయి, కారం రంగు పోతది, ఉప్పు గడ్డ కడ్తది. పొయ్యి పక్కన చెయ్యి చాపితే అందే దూరంల, కిటికీ లేని గోడకు, నిలబడ్డ మనిషి మోకాలు నుంచి కండ్ల ఎత్తు దాకా. ప్లాట్‌ఫాం L ఆకారంల ఉంటే పొయ్యి లేని చిన్న భుజం మీద. లోతు జానెడున్నర మించొద్దు, అంటే 12, 13 ఇంచులు. మేస్త్రి ప్లాట్‌ఫాం కోసం తెచ్చిన రెండడుగుల రాయినే అరలకు కూడా కోసి పెడ్తనంటడు, వద్దని చెప్పండి. డబ్బా వెనక డబ్బా పడ్డదంటే వెనక దాని మొకం ఆర్నెల్లకు చూస్తరు. నా ఇష్టం అడిగితే నల్ల కడప బండ అరలు, తలుపులు లేకుండ, స్టీలు డబ్బాలు. మాడ్యులరోళ్లు చెప్పే గుంజితే మొత్తం బయటికొచ్చే పొడుగు యూనిట్లు నాకు నచ్చయి, కందులు, బెల్లం బరువుకు పట్టాలు వంగుతయి, బాగుచేసెటోడు హైదరాబాద్ నుంచి రావాలె.

ఇగ సాలు అర. దీనికి జనం పెట్టే జాగలు ఐదారు ఉన్నయి, ఒక్కోదానికి లాభం నష్టం చూద్దాం.

వంటింటికి ఆనుకోని తలుపుతోటి చిన్న స్టోర్ రూమ్, ఒక 4 అడుగులు ఇంటు 5 అడుగులు. బస్తాలు లోపలికి పోతయి, పొయ్యి వేడి తగల్దు, చుట్టాలకు కనపడదు. కానీ ఆ తలుపు వంటింటి గోడల రెండున్నర మూడడుగులు తినేస్తది, ఆ మేరకు ప్లాట్‌ఫాం పోయినట్టే. 10 ఇంటు 8 వంటింట్ల అది మస్తు పెద్ద నష్టం. తలుపు వంటింటి దిక్కు కాకుండ డైనింగ్ దిక్కు పెడితే ఆ గోడ మనకు దక్కుతది, సాలు అరకు వారానికి ఒకసారే పోతం కాబట్టి నాలుగడుగులు ఎక్కువ నడిస్తే ఏం కాదు. నేనైతే పదిల ఎనిమిది ఇండ్లకు ఇదే చెప్త. వెలుతురు లేకుంటే లోపల ఏమున్నదో తెల్వకనే మళ్ల కొంటరు, కాబట్టి పైన ఒక చిన్న వెంటిలేటర్, దానికి సన్న జాలి తప్పనిసరి.

హాల్‌కు వంటింటికి నడుమ దారిల గోడ అల్మారి. కొత్త ఇండ్లల్ల ఎక్కువ చూస్తున్న. లోపలి గోడ కాబట్టి ఎండ పడదు, ఇది పెద్ద లాభం. దారి 3 అడుగులే ఉంటే తలుపు తెరిచినప్పుడు మనిషి పోరాదు, అది నష్టం, దారి మూడున్నర నాలుగడుగులు ఉంటేనే పెట్టుకోండి.

మెట్ల కింద అంటే మిర్యాలగూడ అక్క జాగ. బరువు దించుడు సులువు, జాగ ఊరికే వస్తది. కానీ తల వంచి పోవాలె, చీపుర్లు, పాత చెప్పులు, ఇన్వర్టర్ బ్యాటరీ అన్నీ అక్కడికే చేర్తయి. బ్యాటరీ ఉన్న దగ్గర తినే గింజ పెట్టొద్దు. ఉల్లిగడ్డలకు, పెద్ద గంజులకు ఆ జాగ మంచిదే అక్కా, బియ్యానికి కాదు.

బాత్రూం గోడ వద్దు. బెల్లం కరుగుతది, బియ్యం ముక్క వాసన వస్తది. తమ్ముడూ, అంతకంటే చెప్పేదేం లేదు.

సజ్జ మీద, అటక మీద గింజ పెట్టకండి, ఎండకాలం స్లాబ్ వేడి మొత్తం దానికే, 25 కిలోల బస్తా నిచ్చెన మీద దించుడు మెడకు ప్రమాదం.

ఇగ అసలు సంగతి, నాకు కోపమొచ్చే సంగతి. పడమటి గోడ.

చాలామంది పెద్దలు వంటిల్లు ఆగ్నేయం, ధాన్యం వాయవ్యం అంటరు. మంచిది, అట్లనే పెట్టుకోండి, నాకు దానితోటి పేచీ లేదు. కానీ వాయవ్యం మూలకు రెండు గోడలుంటయి, ఒకటి ఉత్తరం గోడ, ఒకటి పడమటి గోడ. అరలు ఏ గోడకు అని అడిగితే పడమటికి అంటరు, ఎందుకంటే ఉత్తరం గోడకు కిటికీ పెట్టిండ్రు. ఇది తిరగబెట్టాలె. నల్లగొండల ఏప్రిల్, మే నెలల్ల ఎండ సంగతి మీకు చెప్పనక్కర్లేదు, 44, 45 డిగ్రీలు చూసినోళ్లం. ఆ ఎండ మధ్యాహ్నం రెండు నుంచి ఆరున్నర దాకా ఏటవాలుగ పడమటి గోడ మీదనే పడ్తది. ఇటుక గోడ ఆ వేడిని వెంటనే లోపలికి ఇయ్యదు, తాగి పెట్టుకుంటది. 9 ఇంచుల గోడ అయితే బయట తగిలిన వేడి లోపలి మొకానికి వచ్చేసరికి ఐదారు గంటలు పడ్తది. అంటే గోడ లోపల బాగా వేడెక్కేది రాత్రి ఎనిమిది నుంచి పదకొండు నడుమ.

మోసం ఇక్కడనే ఉన్నది. ఇల్లు చూడబోయేది ఎప్పుడు? పొద్దుగాల పదింటికి, మేస్త్రిని తోలుకోని. గోడ మీద చెయ్యి పెడ్తరు, సల్లగ ఉంటది, రాత్రంతా సల్లారి ఉంటది కదా. ఆహా సల్లటి గోడ, ఇక్కడనే పెడ్దాం అంటరు. మేస్త్రి కూడా అవునంటడు. అదే గోడను రాత్రి తొమ్మిదింటికి ముట్టుకోండి, పొయ్యి మీదికెళ్లి దించిన పెనం లెక్క ఉంటది. ఆ గోడకు ఆనించిన బస్తా రాత్రంతా ఆ వేడిల ఉంటది. పల్లీలు, పల్లీ నూనె పాత వాసన పట్టేది అందుకే, కొన్న దుకాణపోన్ని తిడ్తరు గానీ గోడను ఎవరూ అనరు. ఇగ వానలు పడి జర సల్లబడి 30 డిగ్రీల దగ్గరకొచ్చి గాలిల తేమ పెరిగిందా, బియ్యం పురుగుకు అంతకంటే సుఖం లేదు, గుడ్డు నుంచి పెద్ద పురుగు అయ్యేతందుకు నెలా, నెలా పది రోజులు చాలు. వేపాకు వేసినం, ఎండుమిర్చి వేసినం అంటరు. వెయ్యండి, మా ఇంట్ల కూడా వేస్తం. కానీ గోడ తప్పైతే వేపాకు ఏం చేస్తది?

ఒక సన్నటి సంగతి గూడ చెప్త, ఇది పుస్తకాల్ల ఉత్తరాది లెక్కలు చూసినోళ్లకు తెల్వదు. మన నల్లగొండ, పాలమూరు 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నయి. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తి దాటి ఉత్తరం దిక్కుకు ఒరుగుతడు. కాబట్టి ఉత్తరం గోడకు అసలు ఎండే పడదు అనుకోవద్దు, ఆ రెండు మూడు నెలలు జర తగుల్తది. కానీ అడ్డంగ రాసుకుంట పోయే ఎండ అది, పైన అడుగున్నర సజ్జ ఉంటే చానా మటుకు ఆగిపోతది. పడమటి ఎండ సజ్జకు ఆగదు, కింది నుంచి కొడ్తది. పక్కింటి గోడో, వేప చెట్టో, బయట వరండానో అడ్డముంటే మాత్రం పడమటి గోడ కూడా పనికొస్తది, మీ ఇంటికి ఏమడ్డమున్నదో మీరే చూసుకోవాలె. నాలుగున్నర ఇంచుల గోడ బయటి వైపు ఉంటే దానికి అస్సలే పెట్టొద్దు. ఇంకా ఏం కుదరక పడమటికే పెట్టాల్సి వస్తే అరను గోడకు ఆనించకుండ నాలుగు ఇంచులు ఎడం ఇడిచి పెట్టండి, గాలి తిరగాలె. బస్తాలు ఏ గోడకైనా జానెడు దూరం, నేలకు నాలుగు ఇంచుల ఎత్తుల చెక్క పలకల మీద ఉంచుడే మంచిది.

ఇంకొకటి, ఇది ప్రాణాల సంగతి. సాలు అరల గ్యాస్ సిలిండర్ పెట్టకండి. నిండు బండ పక్కన ఖాళీ బండ, దాని పక్కన బియ్యం, తలుపు మూత, ఇట్ల రెండు బొమ్మల్ల చూసిన. గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే పైకి పోదు, నేల మీద కూసుంటది, మీరు పెట్టిన పై వెంటిలేటర్ దానికి పనికి రాదు. బండ బయట, నీడ ఉన్న దగ్గర, నిలబెట్టి, కింద గాలి పోయేటట్టు.

ఈసారి ప్రాక్టీస్ జర కష్టంగనే ఉంటది, చేసినోళ్ల బొమ్మలే చూస్త. ఒక ఎండ రోజు చూసుకోని, వంటింటి చుట్టున్న ప్రతి గోడను లోపలి నుంచి నాలుగుసార్లు ముట్టుకోవాలె, పొద్దుగాల ఏడింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి తొమ్మిదింటికి, పడుకునే ముందు పదకొండింటికి. మోకాలు ఎత్తుల ఒకసారి, తల ఎత్తుల ఒకసారి. సల్లగ, గోరువెచ్చగ, వేడి అని ప్లాన్ మీదనే గోడ పక్కన రాయండి. కట్టని ఇల్లైతే పక్కింటోళ్లది అడిగి ముట్టుకోండి. అదే రోజు డబ్బాల దగ్గర ఒక కాయితం అంటించి పెన్సిల్ కట్టి, ఎవరు ఏ డబ్బా తీసినా ఒక గీత గీయమనండి, అమ్మకు, అత్తమ్మకు, పిల్లలకు అందరికీ చెప్పండి. గీతలు ఎక్కువ పడ్డవి రోజు అరకు, గీత పడనివి సాలు అరకు. చివరికి 25 కిలోల బస్తా ఒకటి గేటు కాడి నుంచి మీరు గుర్తు పెట్టిన జాగ దాకా మీరే మోసుకపోయి దించండి, నడుమ ఎన్ని గడపలు, ఎన్ని మలుపులు, ఎక్కడ తలుపు తగిలింది రాయండి. నడుము నొప్పి ఉన్నోళ్లు ఇంట్ల వేరేటోళ్లతోటి మోయించండి.

ఈ మూడు కాయితాలు, కొత్త బొమ్మ కలిపి పంపండి. సింక్ పాఠం అవి చూసినంకనే.