విద్యార్థి షార్ట్ ఫిల్మ్ - 4వ పాఠం: కెమెరా కంటే ముందు చెవి

పోయిన పాఠంలో సీన్‌ను షాట్లుగా విడగొట్టడం చూశాం. ఆ కాగితం చేతికి రాగానే కెమెరా తీయాలని ఆత్రంగా ఉంటుంది. అయినా ఈ పాఠంలో కెమెరా ముట్టుకోం. శబ్దం గురించి మాట్లాడుకుందాం. మా మొదటి సినిమా దెబ్బతిన్నది అక్కడే.

డిగ్రీ చివరి ఏడాదిలో నలుగురం కలిసి తొమ్మిది నిమిషాల సినిమా తీశాం. వరంగల్ కొత్తవాడలో దర్రీలు, అంటే నేల మీద పరిచే జంపఖానాలు, నేసే తాత, హైదరాబాద్‌లో ఉద్యోగానికి పోతానంటున్న మనవడు, ఇంతే కథ. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది కానీ మాకు తెలిసిన నేత ఇళ్లలో పిల్లలెవరూ మగ్గం మీద కూర్చోవడం లేదు. అది చెప్పాలనిపించింది. తాత పాత్రకు నిజంగా నేసే తాతనే అడిగాం, వాళ్లింట్లోనే తీశాం.

బొమ్మ బాగా వచ్చింది. కిటికీలోంచి పడే ఎండలో నూలు దుమ్ము తేలుతూ కనిపించేది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్ మినుకుమినుకుమనకుండా కెమెరా షట్టర్ వేగం సెకనులో 1/50వ వంతు పెట్టాలని కూడా చదువుకుని వెళ్లాం. శబ్దాన్ని మాత్రం కెమెరాకున్న చిన్న మైక్‌కే వదిలేశాం.

ఎడిటింగ్‌కు కూర్చున్నాక తెలిసింది. "నువ్వు పోతే ఈ మగ్గం ఎవలు ముట్టుకుంటర్రా" అని తాత అంటుంటే వెనక పక్కింటి మగ్గం చప్పుడు వినిపిస్తోంది. కట్ చేసి మనవడి ముఖం మీదికి వస్తే ఆ చప్పుడు లేదు. ఆ షాట్ తీసేటప్పటికి పక్కింటివాళ్లు అన్నానికి లేచారు. మళ్లీ తాత మీదికి వస్తే టక్కుటక్కు సగంలోంచి మొదలవుతోంది. ఇద్దరూ ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు, వింటే చెరో ఊళ్లో ఉన్నట్టుంది. తాత గొంతు వణికిన చోటే చప్పుడు తెగిపోతోంది.

డబ్బింగ్ చెప్పిద్దామని తాతను పిలిచాం. తెర మీద తన పెదాలు చూసుకుంటూ అదే మాట చెప్పమంటే మాట వచ్చింది, ఆ వణుకు రాలేదు. నాలుగైదుసార్లు చెప్పించాక ఆయనే హెడ్‌ఫోన్ తీసి, ఎందుకు మళ్లీ చెప్పిస్తున్నారని అడిగాడు. సంగతి చెప్పాం. "మగ్గం జర ఆపమంటే ఆపుదురు గద బిడ్డా. మీరు అడగలే" అన్నాడు.

కాబట్టి మొదటి పని ఇది. లొకేషన్ చూడ్డానికి వెళ్లినప్పుడు, షూటింగ్ ఏ వేళకు అనుకున్నారో ఆ వేళకే వెళ్లి, కళ్లు మూసుకుని పది నిమిషాలు కూర్చోండి. ఫ్యాను, ఫ్రిజ్, నీళ్ల మోటారు, పక్కింటి టీవీ, ఏది వినిపిస్తే అది కాగితం మీద రాయండి. ఆపగలిగేవాటి పక్కన టిక్ పెట్టి, ఎవరిని అడగాలో రాసుకోండి. అడిగే తీరు కూడా ముఖ్యం. దర్రీకి ఇంత అని కూలి తీసుకునేవాళ్లకు మగ్గం ఆగితే కూలి తగ్గుతుంది. అందుకే మీ మాటల సీన్‌ను వాళ్ల అన్నం వేళకు జరుపుకోండి, వాళ్ల పనిని మీ షూటింగ్ వేళకు జరపమనకండి.

ఆపలేనివి కొన్ని ఉంటాయి. కాజీపేటలో మిద్దె మీద సీన్ పెట్టుకుంటే రైలు వచ్చే తీరుతుంది. హైదరాబాద్, విజయవాడ, బల్లార్షా లైన్లు కలిసే జంక్షన్ అది. రైలు పూర్తిగా వెళ్లిపోయేదాకా ఆగి, డైలాగ్‌ను మొదటినుంచి తీయండి. ఒక టేక్‌లో రైలు ఉండి ఇంకో టేక్‌లో లేకపోతే ఆ రెండూ అతకవు. ఆ రైలు చప్పుడును విడిగా రికార్డ్ చేసి దాచుకోండి, తర్వాత మీకు కావలసిన చోట వేసుకోవచ్చు.

మైక్ విషయం తొందరగా చెప్పేస్తాను. ఆరుబయట మైక్‌కూ నోటికీ మధ్య దూరం రెట్టింపైతే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది, చుట్టుపక్కల చప్పుడు మాత్రం అంతే ఉంటుంది. ఖరీదైన మైక్ దూరంగా ఉండటం కంటే మామూలు కాలర్ మైక్ దగ్గరగా ఉండటం మేలు. అదీ లేకపోతే ఇంకో ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, రికార్డర్ ఆన్ చేసి నటుడి జేబులో పెట్టండి. ప్రతి టేక్ మొదట్లో కెమెరాకు కనిపించేలా చప్పట్లు కొడితే తర్వాత బొమ్మనూ శబ్దాన్నీ కలపడం తేలిక. రికార్డర్ మీటర్‌లో గొంతు లెవెల్ -12 డెసిబెల్స్ దగ్గర ఆడుతుంటే చాలు, 0ని తాకితే గొంతు పగిలిపోతుంది, అది మళ్లీ బాగుపడదు.

అన్నిటికంటే నేను పట్టుబట్టేది గది శబ్దం దగ్గర, అంటే ఎవరూ మాట్లాడనప్పుడు ఆ గదిలో వినిపించేది. సీన్ అయిపోగానే ఎవరినీ కదలనీయకుండా, లైట్లు, మనుషులు, సామాను ఎక్కడివక్కడే ఉంచి, ఒక నిమిషం ఊరికే రికార్డ్ చేయాలి. ఆ సీన్‌ను మేం నెల తర్వాత మళ్లీ తీశాం. తాతే పక్కింటికి వెళ్లి మాట్లాడి వచ్చాడు. షాట్లయ్యాక ఆ నిమిషం కోసం అందరం నిలబడ్డాం. బకెట్లోకి నీటి చుక్క పడుతోంది. దండెం మీద ఆరేసిన నూలు గాలికి గోడను రాస్తోంది. తాత ఊపిరి కొంచెం గురకగా వస్తోంది. అంతకు ముందు రెండు రోజులు అదే గదిలో ఉన్నాం, వాటిలో ఒక్కటీ వినలేదు. ఆ నిమిషం అయ్యాక తాతను మగ్గం ఎక్కమని, ఆ చప్పుడు ఒక్కటే ఐదు నిమిషాలు తీసుకున్నాం. సినిమాలో మనవడు గడప దాటాక మీకు వినిపించేది అదే.

ఈ వారం అభ్యాసం: మీ ఇంట్లో ఒక గది ఎంచుకోండి. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి పదింటికి ఒక్కో నిమిషం గది శబ్దం రికార్డ్ చేయండి. హెడ్‌ఫోన్‌తో వింటూ, ఏది ఏ వేళదో పేరు చూడకుండా పోల్చగలరేమో చూడండి. ఆ మూడు ఫైళ్లూ తీసేయకండి. మాట కింద వాటిని ఎలా పరచాలో 5వ పాఠంలో వాటితోనే మొదలుపెడదాం.