ఎండాకాలం ఒమాన్ వెళ్తున్నారా? ‘ఇంకొంచెమే కదా’ అనకండి

2024 ఆగస్టులో సౌదీలోని రుబ్ అల్ ఖాలీ ఎడారిలో మన తెలంగాణ కుర్రాడొకడు, తోటి ఉద్యోగితో సహా, దారి తప్పి దాహంతో చనిపోయాడు. బండిలో ఆయిల్ అయిపోయింది, ఫోన్ చచ్చిపోయింది. అక్కడే ఉద్యోగం చేసుకునేవాళ్ళ సంగతే అది. ఆ ఎడారి సౌదీతో ఆగదు, ఒమాన్‌లోకీ వస్తుంది. ఏటా ఆగస్టు 15 లాంగ్ వీకెండ్ దగ్గర పడేసరికి బెంగళూరు మారతహళ్ళి, మడివాళ పీజీల్లో మనవాళ్ళు ‘తక్కువ ఖర్చులో ఫారిన్’ అంటూ బ్యాగులు సర్దేది ఆ ఒమాన్‌కే. మస్కట్, సలాలా తీరం, ఒక రాత్రి ఇసుక తిన్నెలు.

టోపీ పెట్టుకోండి, సన్‌స్క్రీన్ రాసుకోండి లాంటివి మీకు తెలుసు, వదిలేస్తున్నా. మనుషుల్ని ముంచేది ఒక్కటే మాట: ‘ఇంకొంచెమే కదా.’

వాదీ షాబ్ సంగతే తీసుకోండి. వాదీ అంటే మన రాయలసీమలో వంక లాంటిది, చాలావరకు వానొస్తేనే పారేది. అక్కడ పడవలో అవతలి ఒడ్డుకి దాటి, రాళ్ళ మీద ముప్పావు గంట నడిస్తే మడుగులు వస్తాయి. ఆపైన ఈత. మనవాళ్ళు లీటరు బాటిల్ ఒకటి పట్టుకుని తొమ్మిదిన్నరకి బయల్దేరతారు. మడుగుల దగ్గరికొచ్చేసరికి సగం బాటిల్ అయిపోతుంది. ‘ఇంకొంచెమే కదా, వచ్చేటప్పుడు సగం ఉందిగా’ అనే లెక్క. ఆ లెక్కే తప్పు. వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది. రెండు పక్కలా కొండ గోడలు పొయ్యిలా సెగ కక్కుతుంటాయి, ఈత కొట్టి ఒళ్ళు అలిసి ఉంటుంది. వెళ్ళేటప్పుడు అరలీటరు పట్టిన దారికి వచ్చేటప్పుడు లీటరు పడుతుంది.

అందుకని నీళ్ళు మూడు వాటాలు వేయండి. వెళ్ళడానికి ఒకటి, రావడానికి ఒకటి, మూడోది సీలు తీయకుండా. ఎండలో గంట నడకకి మనిషికి లీటరు లెక్క. మూడు గంటల నడకైతే రానూపోనూ మూడు లీటర్లు, పైన లీటరున్నర. నాలుగున్నర కిలోల బరువే, మోయండి. ఎవరి నీళ్ళు వాళ్ళ బ్యాగులోనే ఉండాలి. ఒకడి బ్యాగులో అందరివీ పెడితే, వాడు వెనకబడ్డాడంటే మిగతావాళ్ళ గొంతులు ఎండుతాయి. మొదటి వాటా అయిపోయే గీత దగ్గర బాటిల్‌కి రబ్బరు బ్యాండ్ వేసుకోండి. నీళ్ళు బ్యాండ్ కిందికి దిగాయా, వెనక్కి తిరగండి. ఎదురుగా మడుగు కనిపిస్తున్నా సరే, స్నేహితుడు వెక్కిరిస్తున్నా సరే.

ఒట్టి నీళ్ళే లీటర్ల కొద్దీ పోసుకుంటే రక్తంలో ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతులు మొదలవుతాయి. అది చూసి వడదెబ్బ అనుకుని ఇంకా నీళ్ళు తాగిస్తారు. ఓఆర్ఎస్ పొట్లం దాని మీద రాసినన్ని నీళ్ళకే కలపాలి. పెద్ద పొట్లమైతే లీటరుకి, గ్లాసుకి కాదు. టెట్రా ప్యాకెట్లలో దొరికే తియ్యటి డ్రింకులు ఆ లెక్కలోకి రావు. వాటి మీద ఆ పేరు వాడొద్దని 2025 అక్టోబర్‌లో ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ చెప్పాల్సి వచ్చింది. పొట్లం లేకపోతే లీటరు నీళ్ళకి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీస్పూను, తలకొట్టి.

‘మద్రాసు ఎండలో పెరిగాం, మాకేంటి’ అనేవాళ్ళకి ఒక మాట. నుంగంబాక్కంలో 2003 మే 31న 45 డిగ్రీలు కాసిన మాట నిజమే. కానీ సాయంత్రం సముద్రపు గాలి తిరిగితే మద్రాసులో ఊపిరి ఆడుతుంది. ఒమాన్ తీరంలోని ఖురయ్యాత్‌లో 2018 జూన్‌లో ఒక రోజు మొత్తమ్మీద అతి తక్కువ ఉష్ణోగ్రతే 42.6. రాత్రి చల్లబడకపోతే పగటి దెబ్బ ఒంట్లోనే ఉండిపోతుంది. ఇక బెంగళూరు ఏసీ ఆఫీసు ఒళ్ళు ఆ ఎండకి అలవాటు పడాలంటే వారం నుంచి రెండు వారాలు కావాలి, మీ సెలవేమో అయిదు రోజులు. కాబట్టి మొదటి రెండు రోజులు మస్కట్ దాటొద్దు. అక్కడి పెద్ద మసీదులోకి ముస్లింలు కానివాళ్ళని శుక్రవారం తప్ప ఉదయం 8 నుంచి 11 దాకా రానిస్తారు. మత్రా బజారు సాయంత్రం చూసుకోవచ్చు. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30–3:30 మధ్య ఆరుబయట కూలిపని చేయించడం అక్కడ చట్టప్రకారం నిషేధం. పనివాళ్ళనే నీడకి పంపే వేళలో మీరు బ్యాగేసుకుని తిరగడమేంటి?

సలాలా వేరే సంగతి. జూన్ 21 నుంచి సెప్టెంబర్ 21 దాకా ఖరీఫ్, అంటే తుంపర, మంచు, పచ్చదనం. ఊళ్ళో 25 డిగ్రీలుంటే కొండ దాటి తుమ్రైత్ వైపు వెళ్ళగానే 40 పైనే. ఆ కాలంలో సముద్రం మాత్రం పిచ్చిగా ఉంటుంది. 2022 జూలైలో సలాలా దగ్గరి ముగ్సైల్ తీరంలో ఒక భారతీయ కుటుంబం కంచె దాటి రాళ్ళ మీదికి దిగింది. ఒక్క అల వచ్చి లాక్కుపోయింది. అక్కడా అదే ‘ఇంకొంచెం ముందుకి’. పది నిమిషాలు చూశాం, ఆ రాయి తడవలేదు అనుకుంటారు. పెద్ద అలలు గుంపుగా, చాలాసేపటికోసారి వస్తాయి. రాయి మీద తడి ఆనవాలు ఎక్కడిదాకా ఉందో చూడండి, పొడిగా ఉన్నా కంచె దాటకండి.

ఇంకా కొన్ని, వరసేం లేదు.

బస్సు హైవే మీద దింపుతుంది. మ్యాపులో ‘3 కిలోమీటర్లే’ అని చూపిస్తుంది. నడవకండి, టాక్సీ వచ్చేదాకా నీడలో కూర్చోండి. మనిషి పడిపోవడానికి ఎడారే అక్కర్లేదు, ఇదిగో ఈ మూడు కిలోమీటర్లు చాలు.

వాదీలో నీళ్ళు ఉన్నట్టుండి మట్టిరంగుకి తిరిగినా, పుల్లలు కొట్టుకొచ్చినా గట్టెక్కండి. మీ నెత్తిన ఎండే ఉంటుంది, వాన కొండల్లో ఎక్కడో పడి ఉంటుంది. 2024 ఏప్రిల్‌లో సమద్ అల్ షాన్ దగ్గర స్కూలు పిల్లలున్న బండి అలాగే కొట్టుకుపోయింది. పారుతున్న వాదీలో బండి దించొద్దు. ప్రాణం సంగతి అటుంచి, అది నేరం కూడా.

వాదీ అడుగున టెంటు వేయొద్దు.

తిన్నెల మీదికి ఒంటరి బండిలో వెళ్ళొద్దు, తిన్నెల అంచునుండే బిదియా ఊళ్ళో ట్యాంకు నింపుకోకుండా అసలే వద్దు. టైరు గాలి 15–18 పీఎస్ఐకి దించండి, తారురోడ్డు ఎక్కేముందు మళ్ళీ కొట్టించండి. చక్రం దిగబడితే యాక్సిలరేటర్ తొక్కకండి, ఇంకా లోతుకి పోతుంది. తవ్వండి.

దారి తప్పితే బండి వదలొద్దు. పై నుంచి వెతికేవాళ్ళకి బండి కనిపిస్తుంది, మనిషి కనిపించడు. బానెట్ ఎత్తి, బండి నీడలో ఉండండి. సిగ్నల్ ఒక్క గీతే ఉంటే కాల్ కాదు, మెసేజ్ పెట్టండి. దూరంగా లైటు కనిపించిందని, ఇంకొంచెమే కదా అని, నడవొద్దు.

ఎక్కడికెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో హోటల్ కౌంటర్లో రాసిచ్చి వెళ్ళండి. ఇంట్లోవాళ్ళకి చెబితే సరిపోదు, ఒమాన్ ఎమర్జెన్సీ నంబరు 9999, ఇండియా నుంచి అది కొడితే అక్కడి పోలీసులకి పోదు. టైము ఎవరి టైమో కూడా రాయండి, ఒమాన్ మనకంటే గంటన్నర వెనక.

జలుబుకి అవిల్ వేసుకుని ఎండలోకి వెళ్ళొద్దు, చెమట తగ్గించేస్తుంది. బీపీకి నీటి మాత్రలు (ఒంట్లో నీళ్ళని మూత్రంగా పంపేవి) వాడేవాళ్ళు బయల్దేరేముందు డాక్టర్ని అడగండి.

అమ్మ కట్టిచ్చిన మసాలా పొట్లంలో గసగసాలుంటే తీసేయండి. కొడీన్ దగ్గుమందు కూడా. మత్తు పదార్థాల కింద లెక్కేసి కస్టమ్స్‌లో ఆపేయొచ్చు.

ఫోన్ డ్యాష్‌బోర్డు మీద పెట్టొద్దు, వేడికి ఆగిపోతుంది. మ్యాపులు ముందే దించుకోండి.

ఎవరైనా మాట తడబడినా, తిక్కతిక్కగా ప్రవర్తించినా అది వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోందిగా అని ఆగొద్దు. 9999 కొట్టండి, బట్టలు వదులు చేసి ఒళ్ళంతా తడపండి, విసరండి, మెడకీ చంకలకీ గజ్జలకీ ఐస్ పెట్టండి. ఆస్పత్రికి తర్వాత, చల్లబరచడం ముందు. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయొద్దు. డోలో 650 వేయొద్దు, అది జ్వరం కాదు.