స్కూల్ గ్రాడ్యుయేషన్‌కి ముఖ్య అతిథిని ఎలా పిలవాలి?

ఇంటర్నేషనల్ స్కూళ్లలో పన్నెండో తరగతి పిల్లల గ్రాడ్యుయేషన్ ఎక్కువగా మే నెలలో జరుగుతుంది. ఆ సాయంత్రం పూర్తిగా పిల్లలదే. అతిథిని వెతికేటప్పుడు, పిలిచేటప్పుడు, వేదిక ఎక్కించేటప్పుడు ఇది మరవకూడదు.

డిసెంబరులోనే పని మొదలుపెట్టండి. ఎవరి మాట వినాలనుందో ముందు పిల్లల్నే అడగండి. సినిమావాళ్లు, క్రికెటర్ల పేర్లు ఎలాగూ వస్తాయి. వాటి మధ్యలోనే, ఇదే స్కూల్లో చదువుకుని ఇప్పుడు చెరువుల మీద పరిశోధన చేస్తున్న సీనియర్ పేరు కూడా కనిపించవచ్చు. నా ఓటు అలాంటివాళ్లకే. ఎవరిని పిలిచినా, ఆఖరి నిమిషంలో రాలేకపోతే మాట్లాడటానికి పిల్లలకు ఇష్టమైన టీచర్ ఒకరిని సిద్ధంగా ఉంచుకోండి.

ఆహ్వానంలో తేదీ, స్థలంతో పాటు ఎన్ని నిమిషాలు మాట్లాడాలో కూడా రాయండి. పన్నెండు నిమిషాలు చాలు. 2005లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ గ్రాడ్యుయేషన్‌లో యాపిల్ కంపెనీ స్టీవ్ జాబ్స్ మాట్లాడింది పదిహేను నిమిషాలే, చెప్పింది తన జీవితంలోని మూడు సంగతులే. పెద్దవాళ్లకు సమయం చెప్పడమేంటని మనం మొహమాటపడితే, మే నెల ఉక్కపోతలో గౌన్లు వేసుకుని కూర్చున్న పిల్లలు ఇబ్బంది పడతారు.

చాలామంది వదిలేసేది, అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది: అతిథికి ఈ పిల్లలెవరో తెలియజేయడం. రెండు వారాల ముందే ఇద్దరు ముగ్గురు విద్యార్థులతో అరగంట వీడియో కాల్ ఏర్పాటు చేయండి. ఇంటర్నేషనల్ స్కూళ్లలో పన్నెండో తరగతి చివర రాసే పరీక్షల్లో, ఐబీ డిప్లొమా మే పరీక్షల ఫలితాలు జూలై మొదటి వారంలో గానీ రావు. కేంబ్రిడ్జ్ ఎ లెవెల్ జూన్ విడత పరీక్షలవి ఆగస్టులో వస్తాయి. అంటే, ఇన్ని మార్కులు రావాలన్న షరతుతో కాలేజీ సీటు వచ్చిన పిల్లలు ఆ రోజుకింకా బెంగతోనే ఉంటారు. ఇది తెలియని అతిథి మార్కులు, ర్యాంకుల గురించి మొదలుపెడితే వాళ్ల గుండెల్లో రాయి పడుతుంది. ఒకరు విదేశాలకు వెళ్తుంటారు, ఒకరు ఏడాది ఆగాలనుకుంటారు. తల్లిదండ్రుల ఉద్యోగాల వల్ల దేశాలు మారుతూ వచ్చిన పిల్లలూ ఉంటారు. వీళ్లతో ఒక్కసారి మాట్లాడితే అతిథి ప్రసంగమే మారిపోతుంది.

హైదరాబాద్ స్కూలైతే సభలో అమ్మమ్మలు, తాతయ్యలు కూడా ఉంటారు. తెలుగొచ్చిన అతిథి అయితే వాళ్ల కోసం తెలుగులో నాలుగు మాటలు చెప్పమని అడగండి.

ముందురోజు అతిథికి చిన్న షెడ్యూల్ పంపండి: "5.30కి గేటు దగ్గర మా విద్యార్థి మిమ్మల్ని కలుస్తుంది. 6.20కి మీ ప్రసంగం. 6.35కి సర్టిఫికెట్లు." పరిచయం, శాలువా, మెమెంటో అన్నీ కలిపి మూడు నిమిషాల్లో అయిపోవాలి. పేర్లు చదివే టీచర్ ప్రతి విద్యార్థి నోటా వాళ్ల పేరు విని, తెలుగు లిపిలో రాసుకుంటే మంచిది. కొరియా పేరైనా కెన్యా పేరైనా తడబడకుండా చదవొచ్చు.

వారంలోపు పిల్లలు చేత్తో రాసిన ఉత్తరం అతిథికి పంపండి. ప్రసంగంలో ఏ మాట మనసుకు పట్టిందో ఒక్కొక్కరు ఒక్కో వాక్యం రాస్తే చాలు.