పాత్ర గురించి అడిగేముందు సన్నివేశం చెప్పండి
మనకు అనుభవంలో లేని జీవితాన్ని కథలోకి తెచ్చేటప్పుడు ఆ జీవితం తెలిసినవారిని సలహా అడగడం మంచిదే గానీ, ‘అంధుల జీవితం ఎలా ఉంటుందండీ?’ అని అడిగితే ఎవరైనా ఏం చెప్పగలరు? చెన్నైలో చూపు లేని ఒక బ్యాంకు ఉద్యోగిని నేను మొదట అడిగింది అదే. ఆయన నవ్వి, ‘ముందు మీ జీవితం ఎలా ఉంటుందో చెప్పండి’ అన్నారు.

మరుసటి వారం సన్నివేశాన్ని వెంట తీసుకువెళ్ళాను: మైలాపూరులో ఆటో దిగిన నా కథానాయిక, తన చేతిలో ఉన్నది 200 నోటో 500 నోటో ఎలా తెలుసుకుంటుంది? ఇంట్లోనే నోట్లను వేర్వేరుగా మడతపెట్టుకుంటుందనీ, ఆ రెండింటి పొడవులో తేడా 4 మిల్లీమీటర్లేననీ, అంచున ఉబ్బెత్తు గీతలు 200 నోటుకు నాలుగు, 500 నోటుకు ఐదు ఉంటాయనీ, అవి అరిగిపోతే, ఫోను కెమెరా ముందు పెట్టిన నోటు ఎంతదో చెప్పే ‘మణి’ యాప్‌ను రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిందనీ, అయితే ఆటో డ్రైవరు తొందరపెడుతుంటే ఫోను తీసే వ్యవధి ఎక్కడిదనీ ఆయన వివరించారు. నా కథ నిలబడింది ఆ చివరి మాట మీదే.

కాబట్టి పాత్ర వయసు, ఊరు, చూపు పుట్టుకతోనే లేదా, లేక మధ్యలో పోయిందా అన్నవి ముందే చెప్పండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించిందన్నటువంటివి చదువుకుంటే దొరుకుతాయి. వాటికోసం ఒకరి సాయంత్రం ఖర్చు చేయించనక్కరలేదు. ‘ఇలా రాయవచ్చా?’ అని అనుమతి కోరడం నాకు నచ్చదు, ఒక్కరు అందరి తరఫునా అనుమతి ఇవ్వలేరు గదా. రాసిన పేజీ చదివి వినిపించి, ఎక్కడ నమ్మబుద్ధి కాలేదో అడగండి. జవాబు రుచించకపోయినా వాదించకుండా రాసుకోండి.