తారు రోడ్డుకీ చేను దారికీ ఒకే టైరు: పికప్, ఫోర్ బై ఫోర్ బండ్లకు ఎలా ఎంచుకోవాలి

టైరు షాపులో ఎవరి చూపైనా ముందు ట్రెడ్, అంటే నేలను తాకే భాగం మీదే పడుతుంది. దాని మీది రబ్బరు బటన్లు ఎంత పెద్దగా ఉంటే టైరు అంత గట్టిదనుకుంటారు. కానీ మన దారుల్లో టైరు పాడయ్యేది ఎక్కువగా పక్క గోడ, అంటే సైడ్‌వాల్ దగ్గరే. క్వారీ దారిలో కంకర అంచు కోస్తుంది, పొలం గట్టు వెంట సీమ తుమ్మ ముల్లు దిగుతుంది, గాలి తక్కువగా ఉండగా బరువు మోస్తే లోపలి దారాలు తెగుతాయి. ట్రెడ్‌లో పంచరైతే పది నిమిషాల్లో వేసేస్తారు. సైడ్‌వాల్ చిరిగితే టైరే పోయినట్టు.

కాబట్టి మీ బండి నెలకు తిరిగే దారిని రెండు భాగాలుగా చూడండి. నూటికి తొంభై కిలోమీటర్లు తారు రోడ్డే అయితే ట్రెడ్ ఎలాంటిదో ఆ తొంభై తేలుస్తాయి. సైడ్‌వాల్ ఎంత గట్టిగా ఉండాలో మాత్రం మిగతా పది కిలోమీటర్ల చెడ్డ దారి తేలుస్తుంది. ఈ రెండింటినీ కలిపేసి, "చెడ్డ దారి ఉంది కదా" అని మడ్ టైరు వేయించుకున్నవాళ్లే తర్వాత మోత, మైలేజీ, అరుగుదల అంటూ బాధపడతారు.

ముందు బరువు లెక్క

పికప్ అయితే మామూలుగా వేసే సరుకంతా వేసి కాటాకు తీసుకెళ్లండి. వెనక చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి తూకం వేయించండి. 2000 కిలోలు వచ్చిందనుకుందాం, అంటే ఒక్కో టైరు మీద 1000 కిలోలు. టైరు సైజు పక్కన ఉండే లోడ్ ఇండెక్స్‌లో 108 అంటే సరిగ్గా 1000 కిలోలు. అది సరిపోతుందని అక్కడితో ఆగకండి. సరుకు ఒక పక్కకు ఒరిగినా, గుంతలో చక్రం పడినా ఆ పక్క టైరు మీద బరువు పెరుగుతుంది. 112 తీసుకుంటే 1120 కిలోలు మోస్తుంది, ఆ తేడా మీకు రక్షణ. ఏ బండికైనా కంపెనీ ఇచ్చిన ఇండెక్స్ కంటే తక్కువది మాత్రం ఎక్కించవద్దు. ఆ అంకె తర్వాతి అక్షరం వేగానికి గుర్తు: క్యూ అంటే గంటకు 160 కిలోమీటర్లు, ఎస్ అంటే 180.

సైజుకు ముందు ఎల్‌టీ అని ఉంటే అది తేలికపాటి ట్రక్కుల కోసం చేసిన టైరు. అందులో లోడ్ రేంజ్ సీ (C), డీ (D), ఈ (E) అని ఉంటాయి. సీ అంటే 6 పీఆర్ (ప్లై రేటింగ్, పొరల లెక్కలో బలం), డీ అంటే 8, ఈ (E) అంటే 10. ఈ అంకె బలానికి కొలత మాత్రమే, లోపల నిజంగా పది పొరలు ఉండవు. అసలు పొరలెన్నో తెలియాలంటే సైడ్‌వాల్ మీద చిన్న అక్షరాలతో ట్రెడ్ కింద ఎన్ని, సైడ్‌వాల్‌లో ఎన్ని అని అచ్చు వేసి ఉంటుంది, వంగి చదవండి. క్వారీ, క్రషర్, అడవి దారుల్లో రోజూ తిరిగే బండికి సైడ్‌వాల్‌లో మూడు పొరలున్న టైరు వెతకడం శ్రమ అనిపించినా ఫలితం ఉంటుంది. వారానికోసారి పొలానికి వెళ్లే బండికి రెండు చాలు.

అలాగని అందరికీ ఈ (E) రేంజ్ అవసరం లేదు. ఎల్‌టీ టైరు బరువెక్కువ, సైడ్‌వాల్ బిగువుగా ఉంటుంది. ఖాళీ పికప్ గుంతల్లో ఎగిరెగిరి పడుతుంది, మైలేజీ కొంత తగ్గుతుంది. ఇద్దరో ముగ్గురో కూర్చుని తిరిగే థార్ లాంటి బండికి సీ రేంజ్ ధారాళంగా సరిపోతుంది.

తర్వాత ట్రెడ్

హెచ్‌టీ (హైవే టెర్రైన్) తారు రోడ్డు కోసం, ఎంటీ (మడ్ టెర్రైన్) బురద కోసం, ఏటీ (ఆల్ టెర్రైన్) రెండింటికీ మధ్యలో. తారు రోడ్డు మీద కూడా తిరిగే బండికి దాదాపు ఎప్పుడూ జవాబు ఏటీయే. ఎంటీ బటన్లు పొడుగ్గా, విడివిడిగా ఉంటాయి. తారు మీద ప్రతి బటనూ వంగి లేస్తుంది, ఆ వంగడంలోనే వేడెక్కుతుంది, అరుగుతుంది, మోత పెడుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, తడి రోడ్డు మీద బ్రేక్ వేస్తే ఎక్కువ దూరం జారుతుంది. వానాకాలంలో మారేడుమిల్లి, పాడేరు ఘాట్‌లో దిగేటప్పుడు ఇది ప్రాణాల మీదికి వచ్చే విషయం.

ఏటీల్లోనూ తేడాలుంటాయి. మధ్య వరుస బటన్లు ఒకదానిలో ఒకటి ఇమిడి, వాటి మీద కత్తితో గీసినట్టు సన్నని గీతలుంటే తడి తారు మీద పట్టు బాగుంటుంది. గాడుల అడుగున చిన్న గట్లు ఉన్నాయేమో చూడండి, కంకర రాయి ఇరుక్కుని లోపలికి తొలుచుకుపోకుండా అవి బయటికి తోస్తాయి. అంచు బటన్లు సైడ్‌వాల్ మీదికి కాస్త దిగి ఉంటే రాళ్ల రాపిడిని అవి భరిస్తాయి. కొత్త ఏటీకి ట్రెడ్ లోతు సుమారు 10 నుంచి 13 మిల్లీమీటర్లు ఉంటుంది. బటన్ల అంచులు ముక్కలు ముక్కలుగా ఊడిపోవడం మొరం, కంకర దారుల్లో మామూలు జబ్బు. మెత్తటి రబ్బరుకు అది త్వరగా వస్తుంది. మీ దారిలోనే అదే టైరుతో ఇరవై వేల కిలోమీటర్లు తిరిగిన బండి దొరికితే దాని బటన్ల అంచులు వేలితో తడిమి చూడండి, ఏ ప్రకటనా అంత స్పష్టంగా చెప్పదు.

నేలను బట్టి కూడా ఆలోచించాలి. నల్లరేగడి తడిస్తే నాలుగు చుట్లలోనే ఏటీ గాడులన్నీ పూడిపోతాయి. ఎంటీ కొంచెం మెరుగేగానీ అదీ ఆ జిగురులో తడబడుతుంది. ఏడాదిలో కొద్ది రోజుల బురద కోసం మిగతా ఏడాదంతా ఎంటీ మోయడం దండగ, ఆ రోజుల్లో బండిని గట్టు మీదే ఆపడం మేలు. ఇసుకలో ట్రెడ్ కంటే గాలి తగ్గించడమే పని చేస్తుంది. పెద్ద బటన్లు అక్కడ గొయ్యి తవ్వుకుంటాయి.

సైజు మార్చాలా?

వద్దనే మా మాట. బొలేరోకు వచ్చే 215/75 ఆర్15 వ్యాసం సుమారు 703 మిల్లీమీటర్లు. 235/75 ఆర్15 వేస్తే 733 అవుతుంది, అంటే నాలుగు శాతం పైనే. స్పీడోమీటరు 100 చూపించేచోట నిజ వేగం మునుపటి కంటే ఆ మేరకు పెరుగుతుంది, లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు బండి లాగే శక్తి తగ్గుతుంది, స్టీరింగు పూర్తిగా తిప్పితే ఫెండరుకు రాసుకోవచ్చు. ట్రాన్స్‌పోర్ట్ బండ్లకు రిజిస్ట్రేషన్‌లో టైరు సైజు కూడా నమోదవుతుంది. కంపెనీ నిర్దేశించినదానికి భిన్నంగా బండిని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు.

షాపులో చూడాల్సినవి

సైడ్‌వాల్ మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరుస చివర నాలుగంకెలు ఉంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం తయారైందని. ఆరు నెలలు దాటినది వద్దనండి, వేరేది తెప్పించమనండి. ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. నాలుగూ ఒకే మోడల్ కావాలి, కుదిరితే స్టెప్నీతో ఐదూ తీసుకోండి. ఫోర్ వీల్ డ్రైవ్‌లో ముందూ వెనకా వ్యాసం తేడా వస్తే డ్రైవ్ బిగుసుకుపోయి ఆ ఒత్తిడి గేర్ల మీద పడుతుంది. రిమ్ అంచు తుప్పు గీకించి కొత్త వాల్వులు వేయించండి. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ అదే రోజు చేయించండి. వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ బిగించాలి.

గాలి

మంచి టైరును పాడుచేసేదీ, మామూలు టైరును కాపాడేదీ ఇదే. డ్రైవర్ డోరు స్తంభం మీద అంటించిన అంకె కంపెనీ టైరు కోసం రాసింది. అదే బరువు మోయడానికి ఎల్‌టీ టైరుకు ఇంకా ఎక్కువ గాలి కావాలి. ఎంతో టైరు కంపెనీ పట్టికలో చూసి పెట్టించండి. సరిపోయిందో లేదో మీరే పరీక్షించుకోవచ్చు. ఉదయం టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవండి, గంటసేపు హైవే మీద తోలి మళ్లీ కొలవండి. మామూలు టైరులో 4 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత), ఎల్‌టీలో 6 దాకా పెరగడం సహజం. అంతకు మించి పెరిగితే ఉదయం గాలి తక్కువుందని, టైరు ఎక్కువగా వంగి వేడెక్కిందని అర్థం. వేడిగా ఉన్నప్పుడు పెరిగిన గాలి తీసేయడం పెద్ద తప్పు.

కంకర దారిలో ఖాళీ బండికి నాలుగో వంతు దాకా తగ్గించవచ్చు, 36 పీఎస్‌ఐ ఉంటే 27 దాకా. అప్పుడు టైరు రాయి మీద పరుచుకుంటుంది, కోత తగ్గుతుంది. అదే పక్కన నిలువు రాళ్లుంటే తగ్గించవద్దు, ఉబ్బిన సైడ్‌వాల్ వాటికి చిక్కుతుంది. ఇసుకలో 16 నుంచి 18 పెట్టి, 30 కిలోమీటర్ల వేగం దాటకుండా, గట్టి మలుపులు తిప్పకుండా తోలాలి. లేకపోతే టైరు అంచు రిమ్ నుంచి ఊడి వస్తుంది. లోడు బండికి గాలి తగ్గించడం ఎక్కడా పనికిరాదు. తారు ఎక్కేముందు తిరిగి నింపాలి, అందుకే బ్యాటరీకి క్లిప్పులతో తగిలించే కంప్రెసరు, నమ్మకమైన గేజి, ప్లగ్ కిట్ బండిలో ఉండాలి. తుమ్మ ముల్లు దిగి గాలి నిలిచి ఉంటే అక్కడే పీకకండి, పంచరు సామాను చేతిలో ఉన్నప్పుడే పీకండి.

అరుగుదల

ఏటీలను 8000 కిలోమీటర్లకోసారి ఒక చక్రం చోటు నుంచి ఇంకో చోటికి మార్చి వేయించండి, స్టెప్నీని కూడా ఆ వరుసలో కలపండి. మార్చకపోతే ఒక్కో బటన్ ఒక అంచు అరిగి, రెండోది నిలబడి, రంపం పళ్లలా తయారవుతుంది. చెయ్యి అటూ ఇటూ రాస్తే తెలుస్తుంది. ఒకసారి అలా అరిగాక మోత పోదు. అక్కడక్కడా గుంటలు పడితే షాక్ అబ్జార్బర్లు, రెండంచులూ అరిగితే తక్కువ గాలి, మధ్య అరిగితే ఎక్కువ గాలి. బురద దారి తర్వాత స్టీరింగు వణికితే బ్యాలెన్సింగ్‌కు పరుగెత్తే ముందు రిమ్ లోపలి మట్టి కడగండి. పార్ట్ టైం (అవసరమైనప్పుడే వేసుకునే) ఫోర్ వీల్ డ్రైవ్‌ను ఎండిన తారు మీద వేసి తోలితే టైర్లు ఊరికే అరిగిపోతాయి.

గాడుల్లో అరుగుదల గుర్తుగా ఉండే 1.6 మిల్లీమీటర్ల గట్టు దాకా వాడవచ్చని అంటారు. మట్టి దారులకూ వానాకాలం ఘాట్‌లకూ అంతవరకు ఆగకండి, 3 మిల్లీమీటర్లకు వచ్చాక మార్చేయండి. ట్రెడ్ బాగున్నా సైడ్‌వాల్ ఉబ్బితే ఆ రోజే తీసేయాలి. ఆరేళ్లు దాటిన స్టెప్నీని, ఒక్కసారి కూడా వాడకపోయినా, లోడు బండికి ఎక్కించి హైవే మీదికి వెళ్లవద్దు.