యేసు జీవితంలో తండ్రి గుణం చూడడం: ఇంటి కూడికకు ఎనిమిది వారాల చదువు

దేవుడు ఎలాంటివాడని అడిగితే ఇంటి కూడికల్లో జవాబులు నోటి చివరే ఉంటాయి: పరిశుద్ధుడు, సర్వశక్తిమంతుడు, ప్రేమామయుడు. తప్పేం లేదు. కానీ ఆ మాటల వెనక ఒక్కొక్కరి మనసులో ఉన్న దేవుడు వేరు. ఒకరికి తప్పులు రాసుకునే కరణం, ఇంకొకరికి మొక్కు చెల్లిస్తేనే పలికేవాడు. తండ్రిని చూపించమని శిష్యుడు ఫిలిప్పు అడిగితే యేసు చెప్పిన జవాబు యోహాను 14:9లో ఉంది: "నన్ను చూచిన వాడు తండ్రిని చూచియున్నాడు." ఈ చదువంతా దాని మీదే. మనకున్న ఊహను యేసుకు తొడగకూడదు, యేసు చేసిన పనిని చూసి ఊహను దిద్దుకోవాలి.

మార్కు సువార్త తీసుకోండి. చిన్నది, మాటల కంటే పనులు ఎక్కువ. 16 అధ్యాయాలు, వారానికి రెండు చొప్పున 8 వారాలు. అధ్యాయాలు ఇంటి దగ్గర చదువుకొని రావాలి, కూడికలో మాత్రం ఒక్క సంఘటనే. గంట చాలు: పాట, ప్రార్థన 10 నిమిషాలు, చదవడం 10, మాట్లాడుకోవడం 30, చివరి ప్రార్థన 10. పది మంది దాటితే రెండు గుంపులు చెయ్యండి, లేకపోతే నలుగురే మాట్లాడతారు. వరి ఉభాలప్పుడూ కోతలప్పుడూ మొదలుపెట్టకండి. రెండో వారానికే జనం పల్చబడతారు.

భాగాన్ని ఒకరు మెల్లగా చదవాలి. తర్వాత బైబిలు మూసి, ఇంకొకరు మన ఊరి మాటల్లో అదే చెప్పాలి. వదిలేసినవి మిగతావాళ్లు అందిస్తారు. అప్పుడు మూడు ప్రశ్నలు, ఇదే వరసలో. వచ్చినవాళ్లు ఏ స్థితిలో ఉన్నారు? యేసు ఏం చేశాడు, ఏం అన్నాడు, ఎవరి కోసం ఆగాడు? తండ్రి ఇలాంటివాడే అయితే నా నమ్మకంలో ఏది మారాలి? రెండోది తేలకుండా మూడోదానికి పోతే పాత జవాబులే మళ్లీ వస్తాయి.

మూడో వారం మార్కు 5:21-43 చూడండి. యాయీరు సమాజమందిరపు (యూదులు ప్రార్థనకు కూడే చోటు) అధికారి, కూతురు చావు బతుకుల్లో ఉంది, 12 ఏళ్ల పిల్ల. దారిలో ఒక స్త్రీ వెనక నుంచి వచ్చి వస్త్రం ముట్టుకుంది. ఆమెకు 12 ఏళ్లుగా రక్తస్రావం, ఉన్నదంతా వైద్యులకే అయిపోయింది. ధర్మశాస్త్రం ప్రకారం ఆమె ఎవరిని తాకినా వాళ్లకు మైల. ముట్టగానే బాగైంది కదా, యేసు సాగిపోవచ్చు. ఆగాడు. "ఎవరు ముట్టారు?" అని చుట్టూ చూశాడు. ఆమె వణుకుతూ వచ్చి సంగతంతా చెప్పేదాకా విన్నాడు. "కుమారీ" అన్నాడు. ఈలోపు అక్కడ పిల్ల చనిపోయిందని కబురు వచ్చింది. ఇక్కడ కూడికను తొందరపెట్టకండి. యాయీరు ఆ కాసేపు ఏమనుకుని ఉంటాడో అడగండి. పెద్దమనిషి పని ఆపి, పేరు కూడా రాయని స్త్రీ గోడు విన్న యేసును చూశాక తండ్రి దగ్గర ఎవరి వంతు ముందో మాట్లాడుకోవచ్చు. యేసు తర్వాత ఆ ఇంటికీ వెళ్లాడు, పిల్లను చెయ్యి పట్టి లేపాడు, తినడానికి పెట్టమన్నాడు. ఆ చివరి మాట చాలామంది దాటేస్తారు.

చదువు ఎక్కువగా చెడేది మూడు చోట్ల. దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాలు మొదలై అరగంటా అయిపోవడం ఒకటి. సాక్ష్యానికి వేరే రోజు పెట్టండి. యేసు అంటే మెత్తదనమే అనుకోవడం రెండోది. మార్కు 3:5లో ఆయన కోపంతో చూశాడు, 11:15లో దేవాలయంలో బల్లలు పడదోశాడు. ఆ కోపం ఎవరి మీద వచ్చిందో, ఎవరి మీద రాలేదో రాసుకుంటే తండ్రి కోపం సంగతీ తెలుస్తుంది. మంచి యేసు, కోపిష్ఠి తండ్రి అని విడదీయడానికి దారి ఉండదు.

కష్టానికి పాపమే కారణం అనడం మూడోది, ఇది మన శ్రీకాకుళం జిల్లాలో తప్పకుండా వస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పడగొట్టింది. అదే ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఏళ్లుగా ఇళ్లు గుల్ల చేస్తోంది. "ఎవరి పాపం ఇది?" అని ఎవరో అంటారు. అప్పుడు మార్కు పక్కన పెట్టి లూకా 13:1-5 తెరవండి. సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయారు, వాళ్లు మిగతావాళ్లకంటే పాపులు కారని యేసు తేల్చి చెప్పాడు, వింటున్నవాళ్లనే మారుమనస్సు పొందమన్నాడు. యోహాను 9:3లో పుట్టుగుడ్డి విషయంలోనూ వాడి పాపమూ కాదు, కన్నవాళ్ల పాపమూ కాదన్నాడు. డయాలసిస్‌కు తిరిగే కుటుంబం ఆ కూడికలో ఉంటే నడిపేవాళ్లు ఈ రెండు భాగాలూ ముందే చదువుకొని ఉండాలి, మాట జారకూడదు.

ఎనిమిదో వారం యేసు సిలువ మరణం ఉన్న 15వ అధ్యాయం ఆపకుండా ఒక్కరే చదవాలి. మూడో ప్రశ్నకు ఆ రాత్రే జవాబు రాబట్టకండి, ఇంటికి తీసుకెళ్లనివ్వండి. 16:9-20 వచనాలు కొన్ని అతి పాత ప్రతుల్లో లేవు. ఎవరైనా అడిగితే ఉన్నమాట చెప్పండి. ఖాళీ సమాధి, ఆయన లేచాడన్న మాట మొదటి 8 వచనాల్లోనే ఉన్నాయి.