"బ్యారెల్ పోయిందంటావా అన్నా?": బోల్ట్ యాక్షన్ రైఫిల్ గురి చెదిరితే ఏది ముందు చూడాలి

టెక్సాస్‌లో జింకల సీజన్ నవంబర్ మొదటి శనివారం మొదలవుతుంది కాబట్టి అక్టోబర్ అంతా నాకు ఒకటే రకం ఫోన్లు. "అన్నా, పోయినేడు బ్రహ్మాండంగా కొట్టింది, ఇప్పుడు వంద గజాల్లో నాలుగంగుళాలు చెదురుతోంది, బ్యారెల్ పోయిందంటావా?" పోలేదు తమ్ముడూ. .308 లాంటి క్యాలిబర్‌లో (తూటా సైజులో) బ్యారెల్, అంటే బుల్లెట్ వెళ్లే గొట్టం, అరగాలంటే వేల తూటాలు కాల్చాలి, నువ్వేమో ఏడాదికి రెండు బాక్సులు కూడా ఖాళీ చెయ్యవు. అందరూ మొదట అనుమానించేది బ్యారెల్‌నే, అసలు దోషి మాత్రం దాదాపు ఎప్పుడూ ఇంకోటే ఉంటుంది. (ఇండియాలో చదువుతున్నవాళ్లకి ఒక మాట: అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. ఇది అమెరికాలో లైసెన్సు తీసుకుని వేటాడేవాళ్ల కోసం.)

ముందు అసలు సమస్య ఉందో లేదో తేల్చుకోండి. ఇంటర్నెట్‌లో అందరి రైఫిలూ అర అంగుళం గ్రూపే (ఒకే గురికి కాల్చిన చిల్లులు పరుచుకున్న వెడల్పు) కొడుతుంది, అది నమ్మి టెన్షన్ పడొద్దు. వంద గజాల్లో ఒక ఎమ్ఓఏ (గురి చెదరడాన్ని కొలిచే కోణం, డిగ్రీలో అరవయ్యో వంతు) అంటే 1.047 అంగుళాలు. షాపులో కొన్న మామూలు వేట రైఫిల్ మామూలు తూటాలతో అంగుళంన్నర గ్రూపు ఇస్తోందంటే దాన్ని గెలక్కుండా వదిలెయ్యడమే మంచిది, ఎందుకంటే జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు దాదాపు ఎనిమిదంగుళాల వెడల్పు ఉంటుంది. ఇంకోటి, మూడు షాట్లతో తీర్పు చెప్పకండి. మూడు చిల్లులు అదృష్టం కొద్దీ కూడా పక్కపక్కన పడతాయి. ఐదు కాల్చండి, ఆ కాగితం పారెయ్యకుండా దాని మీద తేదీ, ఏ తూటానో, గాలి ఎటు ఉందో రాసిపెట్టుకోండి. రిపేరు మొదలుపెట్టాక ఒకసారికి ఒకటే మార్చాలి. స్కోప్ (గురి చూసే దుర్భిణి), తూటా, స్క్రూలు అన్నీ ఒకే రోజు మార్చేస్తే గురి కుదిరినా ఎందుకు కుదిరిందో జన్మలో తెలియదు.

కింద చెప్పిన ఏ పని చేసే ముందైనా మ్యాగజైన్ తీసెయ్యండి, బోల్ట్ వెనక్కి లాగి చాంబర్‌ని, అంటే తూటా కూర్చునే చోటుని, కంటితో చూడండి, చిటికెన వేలితో తడిమి చూడండి. తూటాలు వేరే గదిలో పెట్టండి.

నిన్నటిదాకా బాగుండి ఒక్కసారిగా చెదిరిందా?

స్క్రూలు. నూటికి నూరుపాళ్లు అనను గానీ నేనైతే ఇక్కడే మొదలుపెడతాను. స్కోప్ రింగుల స్క్రూలు పైకి కనిపిస్తాయి కాబట్టి అందరూ వాటినే బిగిస్తారు, వాటి కింద రైఫిల్‌ని పట్టుకుని ఉండే బేస్ స్క్రూల జోలికి ఎవరూ వెళ్లరు, ఎందుకంటే స్కోప్ మొత్తం ఊడదీస్తే గానీ చాలా వాటిలో అవి అందవు. ఊడదియ్యండి. నూనె లేకుండా మరలు తుడిచి, నీలం రంగు లాక్‌టైట్ (స్క్రూలు వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేసి, ఇంచ్ పౌండ్లు చూపించే టార్క్ రెంచ్‌తో బిగించండి. రింగుల మూతలకి సాధారణంగా 15 నుంచి 18, బేస్‌కి 20 నుంచి 25 ఇంచ్ పౌండ్లు, అయినా మీ మౌంట్ తయారుచేసినవాళ్లు ఏ అంకె ఇచ్చారో అదే ఫైనల్. చేతి అంచనాతో ఎల్ కీ పట్టుకుని బిగించేస్తే ఒకటి వదులు, ఒకటి స్కోప్ గొట్టం నొక్కుకుపోయేంత బిగుతు అవుతుంది. అయిపోయాక ప్రతి స్క్రూ తల మీద నుంచి బేస్ మీదకి నెయిల్ పాలిష్‌తో సన్నగా ఒక గీత గీయండి. మళ్లీ ఎప్పుడైనా స్క్రూ కదిలితే గీత విరిగి కనిపిస్తుంది, రేంజ్‌లో అనుమానంతో గంటలు గంటలు పోవు. బేస్ మార్చిన తర్వాత బోల్ట్ మూయడం బరువుగా అనిపిస్తే, బేస్ ముందువైపు స్క్రూ పొడవెక్కువై లోపల తగులుతోందని అర్థం, ఆ స్క్రూ మార్చాలి.

తర్వాత అడుగున ఉండే యాక్షన్ స్క్రూలు, అంటే స్టాక్‌ని (భుజానికి ఆనించే చెక్క లేదా ప్లాస్టిక్ భాగం) యాక్షన్‌కి (బోల్ట్ కదిలే లోహపు భాగం) పట్టించేవి. చెక్క స్టాక్‌కి దాదాపు 40, అల్యూమినియం బెడ్డింగ్ బ్లాక్ (యాక్షన్ కూర్చునే దిమ్మ) ఉన్నదానికి 65 ఇంచ్ పౌండ్ల దాకా వాడతారు, ఇక్కడ కూడా మాన్యువల్ చూడండి. బిగించాక లోపలి మ్యాగజైన్ పెట్టె కొంచెం కదలాలి. అది యాక్షన్‌కీ అడుగు భాగానికీ మధ్య ఇరుక్కుపోయి ఉంటే ఎంత బిగించినా యాక్షన్ స్టాక్‌లో సరిగా కూర్చోదు.

ఒకే కాగితం మీద రెండు వేర్వేరు గ్రూపులు పడుతున్నాయా?

మూడు ఇక్కడ ముద్దగా, రెండు అక్కడ ముద్దగా పడుతున్నాయంటే ఏదో ఒకటి రెండు చోట్ల మార్చి మార్చి కూర్చుంటోంది. అది స్కోప్ లోపలి భాగమైనా కావచ్చు, స్టాక్‌లో యాక్షన్ అయినా కావచ్చు. స్కోప్ అనుమానమైతే కొత్తది కొనకండి, బాగా కొట్టే ఇంకో రైఫిల్ మీది స్కోప్ అరువు తెచ్చి పెట్టి చూడండి. బెడ్డింగ్, అంటే యాక్షన్ స్టాక్‌లో కూర్చునే తీరు, అనుమానమైతే, ఖాళీ రైఫిల్‌ని నిటారుగా పట్టుకుని, బ్యారెల్, స్టాక్ ముందు చివర కలిసేచోట రెండిటి మీదా వేలు ఆనించి, ముందు యాక్షన్ స్క్రూని వదులు చేసి మళ్లీ బిగించండి. వేలి కింద కదలిక తెలిస్తే యాక్షన్ స్టాక్‌లో వంగుతోందన్నమాట. దానికి మందు ఎపాక్సీతో బెడ్డింగ్. ఓపిక ఉన్నవాళ్లు ఇంట్లోనే చేసుకుంటారు, కానీ రిలీజ్ ఏజెంట్ (ఎపాక్సీ అంటుకోకుండా చేసే పూత) సరిగా పూయకపోతే యాక్షన్ స్టాక్‌కి శాశ్వతంగా అతుక్కుపోతుంది, అందుకే మొదటిసారి గన్‌స్మిత్‌కే ఇవ్వమంటాను.

బ్యారెల్ వేడెక్కేకొద్దీ పైకో పక్కకో పాకుతోందా?

మొదటి రెండు బాగానే పడి, మూడోది నుంచి జరుగుతూ పోతే స్టాక్ బ్యారెల్‌కి ఎక్కడో తగులుతోంది. డాలర్ నోటు ఒకటి బ్యారెల్‌కీ స్టాక్‌కీ మధ్యలో దూర్చి ముందు నుంచి యాక్షన్ దాకా లాగండి, ఎక్కడ ఆగిందో అక్కడ తగులుతున్నట్టు. చవక ప్లాస్టిక్ స్టాకులతో ఒక చిక్కుంది: బల్ల మీద నోటు హాయిగా జారుతుంది, బైపాడ్ (రెండు కాళ్ల స్టాండ్) మీద బరువు వేసి ఆనుకోగానే స్టాక్ వంగి బ్యారెల్‌ని తాకుతుంది, కాబట్టి కాల్చే భంగిమలోనే పరీక్షించాలి. తగిలినచోట ఇసుక కాగితంతో రుద్దండి, చెక్కయితే రుద్దినచోట తప్పకుండా సీలర్ పూయండి, లేకపోతే తేమ పీల్చుకుని మళ్లీ వంకర తిరుగుతుంది. అయితే ఆగండి, పాత రెమింగ్టన్ 700 లాంటి కొన్నిటికి స్టాక్ చివర కావాలనే ఒత్తిడి పెట్టి తయారుచేశారు. గురి బాగానే ఉంటే అది రుద్దకండి.

సన్న బ్యారెల్ వేడికి కొంచెం జరగడం మామూలే. చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉంటే షాట్‌కీ షాట్‌కీ మధ్య ఆగండి. వేటలో లెక్కకొచ్చేది చల్లటి బ్యారెల్ నుంచి వెళ్లే మొదటి తూటా ఒక్కటే. ఆ మొదటిదే విడిగా పడుతోందంటే లోపల నూనె మిగిలింది, పొడి ప్యాచ్‌లు (గుడ్డ ముక్కలు) రెండు తోసి చూడండి.

ఏళ్ల తరబడి మెల్లమెల్లగా చెడిందా? బుల్లెట్ల రాగి బ్యారెల్ లోపల పేరుకుంది. రాగిని కరిగించే అమోనియా సాల్వెంట్ వేస్తే ప్యాచ్ నీలంగా బయటికొస్తుంది, ఆ నీలం పోయేదాకా తుడవాలి, సీసా మీద రాసిన టైమ్ దాటి లోపల వదిలెయ్యొద్దు. బోర్ గైడ్ (రాడ్‌ని నిటారుగా నడిపే గొట్టం) పెట్టి చాంబర్ వైపు నుంచే తుడిచే రాడ్ తొయ్యండి. ముందు వైపు నుంచి ఇనుప రాడ్ పొడిస్తే క్రౌన్, అంటే బ్యారెల్ మూతి అంచు, దెబ్బతింటుంది. అది తెలుసుకోవడానికి చెవుల్లో పెట్టుకునే దూది పుల్ల చాలు. మూతి లోపలి అంచు మీద నుంచి బయటికి లాగుతూ చుట్టూ తిప్పండి, దూది పోగు ఎక్కడైనా చిక్కుకుంటే అక్కడ గరుకుంది. గన్‌స్మిత్ దాన్ని కొత్తగా కోసిస్తాడు.

కాగితం మీద చిల్లు గుండ్రంగా కాకుండా పొడుగ్గా పడితే బుల్లెట్ పక్కకి తిరిగి తగులుతోందని. మీ బ్యారెల్ ట్విస్ట్‌కి, అంటే లోపలి గాళ్లు ఎంత దూరానికి ఒక చుట్టు తిరుగుతాయో దానికి, ఆ బుల్లెట్ మరీ పొడుగు. 10 అంగుళాలకి ఒక చుట్టు ఉన్న .243లో 105 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) పొడుగు బుల్లెట్లు వేస్తే ఇలా జరిగే అవకాశం ఎక్కువ, తేలికపాటివి వాడండి.

పైవన్నీ బాగుండి ఇంకా ఒక పద్ధతీ పాడూ లేకుండా చెదురుతుంటే మిగిలింది తూటా, మనిషి. మనిషిని పరీక్షించడానికి పక్కవాడి సాయం కావాలి. మీకు కనిపించకుండా ఒకసారి నిజం తూటా, ఒకసారి డమ్మీ పెట్టి ఇమ్మనండి. డమ్మీ వచ్చినప్పుడు బ్యారెల్ మూతి కిందకి జెర్క్ ఇచ్చిందంటే రైఫిల్ వెనక్కి తన్నే దెబ్బకి భయపడి ముందే బిగుసుకుంటున్నారు, .300 విన్ మ్యాగ్ లాంటి గట్టిగా తన్నే క్యాలిబర్ కొన్న కొత్తవాళ్లలో ఇది బాగా చూస్తాం. చెవులకి ప్లగ్గులు, వాటిపైన మఫ్‌లు రెండూ పెట్టుకోండి, కొన్నాళ్లు .22తో ప్రాక్టీస్ చెయ్యండి. ఇసుక సంచి మీద ఆనించాల్సింది స్టాక్‌ని, బ్యారెల్‌ని కాదు. స్లింగ్ తగిలించే కొక్కెం కూడా సంచికి తగలకూడదు.

తూటాల విషయంలో పిసినారితనం పనికిరాదు. నాలుగు కంపెనీలవి, వేర్వేరు బరువులవి ఒక్కో బాక్స్ కొని చూడండి. ఒకే రైఫిల్ ఒకదానితో మూడంగుళాలు, ఇంకోదానితో అంగుళం కొట్టడం మామూలు విషయం, ధర ఎక్కువైందే బాగుంటుందన్న గ్యారంటీ లేదు. కుదిరింది దొరికాక బాక్స్ మీద లాట్ నంబర్ చూసి అదే లాట్‌వి రెండు మూడు సీజన్లకి సరిపడా తెచ్చుకుని, వాటితోనే మళ్లీ జీరో చెయ్యండి, అంటే స్కోప్ గురి కుదర్చండి.